లైబ్రరీ టెక్నాలజీ సదస్సుకు వెళ్లి రావడం: కాలేజీ లైబ్రేరియన్ల కోసం మొదటి నుంచి చివరి దాకా

నా మొదటి సదస్సు నుంచి మూడు వస్తువులు తెచ్చుకున్నాను: ఒక కిట్ బ్యాగు, ఒక సర్టిఫికెట్, సదస్సుకు వచ్చిన పరిశోధన పేపర్లన్నీ అచ్చేసిన లావుపాటి ప్రొసీడింగ్స్ పుస్తకం. సర్టిఫికెట్ నాక్ (కాలేజీలకు గ్రేడు ఇచ్చే సంస్థ) ఫైల్లోకి వెళ్లింది. పుస్తకం బీరువాలోకి వెళ్లింది. రెండు నెలల తర్వాత ఒక మధ్యాహ్నం దాన్ని తిరగేస్తుంటే ఒక పేపర్ దగ్గర చెయ్యి ఆగిపోయింది. పాత ఫాంట్లలో టైపు చేసిన ప్రాంతీయ భాషా పుస్తకాల పేర్లను ఏ కంప్యూటర్లోనైనా ఒకేలా కనిపించే యూనికోడ్‌లోకి మార్చి, కొత్త సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కించిన పద్ధతి మొత్తం అందులో ఉంది. నేను రెండేళ్లుగా సరిగ్గా ఆ సమస్యతోనే అవస్థ పడుతున్నాను. మా తెలుగు పుస్తకాల పేర్లన్నీ అను ఫాంట్లలో ఉండేవి. వాటిని ఎక్కడికి మార్చినా అర్థం లేని గుర్తులుగా కనిపించేవి. ఆ పేపర్ రాసినావిడ మూడు రోజులూ అక్కడే ఉన్నారు. ఆమె మాట్లాడుతున్న గంటలో నేను పక్క హాల్లో, మాకు ఏ సంబంధమూ లేని ఒక అంశం వింటూ కూర్చున్నాను.

అప్పటి నుంచి నేను ప్రతి సదస్సుకూ ఒక ప్రశ్న రాసుకుని వెళ్తున్నాను. తిరిగొచ్చాక ఆ ప్రశ్న వల్ల లైబ్రరీలో ఒక్క పనైనా మారిందా అని చూసుకుంటున్నాను. కింద రాసిందంతా ఆ పద్ధతే. ఒక్కరే లైబ్రేరియన్‌గా ఉండి, పక్కన అడగడానికి ఎవరూ లేని డిగ్రీ, ఇంజనీరింగ్ కాలేజీల వాళ్లను మనసులో పెట్టుకుని రాస్తున్నాను. మనకు సదస్సు అవసరం మిగతావాళ్ల కంటే ఎక్కువ.

1. మీ లైబ్రరీ సమస్యను ఒక్క వాక్యంలో రాయండి

ఒక సాయంత్రం లైబ్రరీ మూసే ముందు పది నిమిషాలు కూర్చోండి. ఈ ఏడాది మిమ్మల్ని ఎక్కువ ఇబ్బంది పెట్టిన పని ఏదో రాయండి. "డిజిటల్ లైబ్రరీ గురించి తెలుసుకోవాలి" అని రాస్తే దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. "పదేళ్ల ప్రశ్నపత్రాలు స్కాన్ చేసి పెట్టాను, విద్యార్థి ఫోన్లో సబ్జెక్టు పేరు కొడితే దొరకడం లేదు" అని రాయండి. దీనికి జవాబు తెలిసినవాళ్లు ఆ హాల్లో నలుగురైదుగురు తప్పకుండా ఉంటారు.

ప్రశ్న ఎలా ఉండాలో చెప్పడానికి కొన్ని ఉదాహరణలు. పాత సాఫ్ట్‌వేర్ నుంచి కోహా అనే లైబ్రరీ సాఫ్ట్‌వేర్‌కు మారితే పుస్తకాల రికార్డులతో పాటు ఎవరు ఏ పుస్తకం తీసుకున్నారన్న పాత వివరాలు కూడా వస్తాయా? కాలేజీలకు ఈ-పుస్తకాలు, ఈ-జర్నల్స్ అందించే ఎన్-లిస్ట్ లాగిన్లు అందరికీ ఇచ్చాం, అయినా ఎక్కువమంది ఒక్కసారి కూడా తెరవలేదు, మిగతా కాలేజీలు ఏం చేస్తున్నాయి? 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్ ప్రభుత్వ సంస్థల కోసం వచ్చింది. 30 మంది ప్రచురణకర్తల దాదాపు 13,000 ఈ-జర్నల్స్‌ను (ఆన్‌లైన్ పరిశోధన పత్రికలను) ఒకే చందాతో అందించే పథకం అది, మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు. ప్రభుత్వ కాలేజీలో ఉన్నవాళ్ల ప్రశ్న దాన్ని మా విద్యార్థుల దాకా ఎలా తీసుకెళ్లాలి అన్నది. ప్రైవేటు కాలేజీలో ఉన్నవాళ్ల ప్రశ్న మాకు మిగిలిన దారి ఏమిటి అన్నది.

ప్రశ్నతో పాటు నమూనా కూడా పట్టుకెళ్లండి. ఇది చాలామంది చేయరు. మీ డేటాలోంచి ఓ ఇరవై రికార్డులు పెన్‌డ్రైవ్‌లో వేసుకోండి. తప్పు చూపిస్తున్న స్క్రీన్‌ను ఫొటో తీసుకోండి. విద్యార్థుల పేర్లు, ఫోన్ నంబర్లు ఉన్న ఫైళ్లు మాత్రం వద్దు, పుస్తకాల రికార్డులు చాలు. నోటితో పావుగంట చెప్పినా అర్థం కాని సమస్యను తెర మీద చూపిస్తే, తెలిసినవాళ్లు నిమిషంలో పట్టేస్తారు.

2. ఆ ప్రశ్నకు సరిపోయే సదస్సును ఎంచుకోండి

సదస్సులు పేరులో ఒకేలా ఉంటాయి గానీ ఒక్కోదాని స్వభావం వేరు.

కాలేజీ, యూనివర్సిటీ లైబ్రరీల వాళ్లు మొదట చూడాల్సింది క్యాలిబర్ సదస్సు. గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ (యూనివర్సిటీ లైబ్రరీలను కలిపే నెట్‌వర్క్) కేంద్రం దీన్ని 1994లో మొదలుపెట్టింది. ఒక్కోసారి ఒక్కో విశ్వవిద్యాలయంతో కలిసి నిర్వహిస్తుంది. 2011లో గోవాలో, 2015లో సిమ్లాలో, 2017లో చెన్నైలోని అన్నా యూనివర్సిటీలో, 2019లో భువనేశ్వర్‌లో జరిగింది. లైబ్రరీ పనులు చూసే సోల్ సాఫ్ట్‌వేర్, పీహెచ్‌డీ థీసిస్‌లు ఉండే శోధ్‌గంగ, ఎన్-లిస్ట్, కాలేజీ బయటి నుంచి లాగిన్ అయ్యే ఇన్‌ఫెడ్ లాంటివన్నీ నడిపేది ఇన్‌ఫ్లిబ్‌నెట్టే. ఫోన్లోనో మెయిల్లోనో మాత్రమే మనకు తెలిసిన ఆ సిబ్బంది అక్కడ ఎదురుగా ఉంటారు. రిమోట్ యాక్సెస్ లాగిన్ సమస్య ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి చోటు లేదు. ఈశాన్య రాష్ట్రాల కోసం ఇదే సంస్థ ప్లానర్ అనే సదస్సు నడుపుతుంది. అక్కడ పనిచేస్తున్న మనవాళ్లు ఎవరైనా ఉంటే దాన్ని చూడండి.

న్యాక్లిన్ అనే సదస్సును నిర్వహించేది డెల్‌నెట్. 1988లో ఢిల్లీ లైబ్రరీల నెట్‌వర్క్‌గా పుట్టి, తర్వాత దేశమంతా విస్తరించిన సంస్థ ఇది. మీ కాలేజీకి డెల్‌నెట్ సభ్యత్వం ఉంటే, పుస్తకాలు ఒకరికొకరు పంపుకునే విషయంలో సందేహాలుంటే ఇక్కడ తీరతాయి. డిజిటల్ లైబ్రరీల మీదే ప్రత్యేకంగా ఢిల్లీలోని టెరీ సంస్థ 2004లో ఐసీడీఎల్ సదస్సు మొదలుపెట్టింది. ఇండియన్ లైబ్రరీ అసోసియేషన్ 1933 నాటిది, ప్రత్యేక లైబ్రరీల సంఘం ఇయాస్లిక్ 1955 నాటిది. ఈ రెండింటి సభలు టెక్నాలజీకే పరిమితం కావు, వృత్తి మొత్తం అక్కడ కనిపిస్తుంది.

కోహా వాడేవాళ్లకు కోహాకాన్ ఉంది. మావోరీ భాషలో కోహా అంటే కానుక. న్యూజిలాండ్‌లోని ఒక ప్రాంతీయ లైబ్రరీ కోసం తయారై, 2000లో వాడకంలోకి వచ్చిన సాఫ్ట్‌వేర్ అది. 2011లో ఆ సదస్సు ముంబయి పక్కన ఠాణేలో జరిగింది. దాని ప్రత్యేకత ఏమిటంటే, ప్రసంగాలు అయ్యాక ప్రోగ్రామర్లు, లైబ్రేరియన్లు కలిసి కూర్చుని సాఫ్ట్‌వేర్‌ను బాగుచేస్తారు. లోపం చెప్పినవాడూ సరిచేసేవాడూ ఒకే బల్ల దగ్గర ఉంటారు.

అంతర్జాతీయ సదస్సుల్లో పెద్దది, లైబ్రరీ సంఘాల సమాఖ్య ఇఫ్లా పెట్టే ప్రపంచ మహాసభ. 1992లో న్యూఢిల్లీలో జరిగింది, 2023లో నెదర్లాండ్స్‌లోని రోటర్‌డామ్‌లో, 2025లో కజకిస్తాన్‌లోని అస్తానాలో. పరిశోధన వైపు ఆసక్తి ఉంటే ఆసియా డిజిటల్ లైబ్రరీల సదస్సు ఐకాడల్ ఉంది, అది 2001లో బెంగళూరుకు వచ్చింది. వీటికి వెళ్లాలంటే వీసా, ఆహ్వాన పత్రం, విదేశీ ప్రయాణ అనుమతి అన్నీ కావాలి కాబట్టి ఏడాది ముందు నుంచే పని మొదలుపెట్టాలి. మొదటి సదస్సుకు మాత్రం దేశంలోనే, వీలైతే ఒక రాత్రి రైలు ప్రయాణం దూరంలోనే చూసుకోమని నా సలహా.

లైబ్రరీ వాళ్లు ఒకచోట చేరడం మన నేలకు కొత్త కాదు. 1914 ఏప్రిల్‌లోనే బెజవాడలో ఆంధ్రదేశపు గ్రంథాలయాల ప్రతినిధులు సభ పెట్టుకున్నారు. అయ్యంకి వెంకటరమణయ్య గారి చొరవతో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం పుట్టింది ఆ సభలోనే. ఊళ్లలో చిన్న చిన్న గ్రంథాలయాలు నడుపుతున్నవాళ్లు రైళ్లలో, బళ్లలో వచ్చి కలుసుకున్నారు. ఒంటరిగా పనిచేసేవాళ్లకు ఒకరి మాట ఒకరికి అందాలన్న అవసరం అప్పుడూ ఇదే.

3. ఆహ్వానం అసలుదో కాదో చూసుకోండి

మెయిల్‌కు వచ్చే ఆహ్వానాల్లో డబ్బు కోసమే పెట్టేవి చాలా ఉంటాయి. పదోన్నతికి పాయింట్లు కావాలన్న టెన్షన్‌లో ఉన్నప్పుడు వీటికి దొరికిపోవడం తేలిక.

గుర్తుపట్టడానికి నేను చూసేవి ఇవి. లైబ్రరీ సైన్స్, సివిల్ ఇంజనీరింగ్, నర్సింగ్, మేనేజ్‌మెంట్ అన్నీ ఒకే సదస్సులో ఉన్నాయా? పేపర్ పంపిన మర్నాడే ఆమోదం వచ్చిందా? నిర్వాహక కమిటీలో పేర్లున్నవాళ్ల సొంత సంస్థల వెబ్‌సైట్లలో ఈ సదస్సు ప్రస్తావన ఉందా? గత సదస్సుల పేపర్లు ఎక్కడైనా చదవడానికి దొరుకుతున్నాయా? డబ్బు సంస్థ ఖాతాకు వెళ్తోందా, ఎవరో ఒక వ్యక్తి ఖాతాకా? "స్కోపస్ గ్యారంటీ" అని రాసి ఉంటే ఆ ప్రచురణ పేరును, పరిశోధన ప్రచురణలను నమోదు చేసే స్కోపస్ జాబితాలో మీరే వెతకండి. ఇప్పటికీ "కేర్ లిస్ట్ జర్నల్‌లో వేస్తాం" అంటూ మెయిళ్లు పంపేవాళ్లున్నారు. మంచి పరిశోధన పత్రికలివి అంటూ యూజీసీ నడిపిన ఆ జాబితాను 2025లో అదే నిలిపివేసింది.

సందేహం తీరకపోతే, అంతకు ముందు ఏడాది వెళ్లిన ఒక లైబ్రేరియన్‌ను పట్టుకుని ఫోన్ చేయండి. మన వృత్తిలో ఎవరూ విసుక్కోరు.

4. అనుమతి, డబ్బు, లైబ్రరీ తాళం

అసలు కష్టం ఇక్కడే. మీరు మూడు రోజులు వెళ్తే లైబ్రరీ మూడు రోజులు మూతపడుతుందా? ప్రిన్సిపాల్ గారి మనసులో మొదటి ప్రశ్న అదే. దానికి జవాబు సిద్ధం చేసుకోకుండా దరఖాస్తు పెట్టకండి.

మా దగ్గర నేను చేసింది చెప్తాను. పరీక్షల ముందు వారాల్లో, నాక్ బృందం వచ్చే నెలలో సదస్సు పడితే ఆ ఏడాది వదులుకున్నాను. మిగతా సమయాల్లో రికార్డ్ అసిస్టెంట్‌కు సర్క్యులేషన్ కౌంటర్ పని నెల ముందు నుంచే నేర్పాను: ఇవ్వడం, తీసుకోవడం, గడువు పొడిగించడం, ఈ మూడే. ఫైన్లు, కొత్త సభ్యత్వాలు, నో డ్యూ సర్టిఫికెట్లు నేను వచ్చాకే అని కౌంటర్ మీద కాగితం అంటించాను. మధ్యాహ్నం రెండు గంటలు ఒక లెక్చరర్ ఇన్‌ఛార్జిగా ఉండటానికి ఒప్పుకుని సంతకం పెట్టారు. ఈ ఏర్పాటును దరఖాస్తులోనే రాశాను.

దరఖాస్తు పొడుగ్గా అక్కర్లేదు. ఇలా సరిపోతుంది:

"మన లైబ్రరీలో తెలుగు పుస్తకాల పేర్లు కంప్యూటర్లో వెతికితే దొరకడం లేదు. ఫలానా తేదీల్లో జరిగే సదస్సులో ఈ సమస్య మీద ఒక వర్క్‌షాప్, మూడు పేపర్లు ఉన్నాయి. నేను లేని మూడు రోజులూ కౌంటర్ నడిచే ఏర్పాటు ఈ కింద రాశాను. తిరిగొచ్చిన వారంలో ఒక పేజీ నివేదిక, నెలలో సరిచేసిన నమూనా చూపిస్తాను. ఆన్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు మంజూరు చేయగలరు."

"జ్ఞానాభివృద్ధి కోసం" అని రాసిన దరఖాస్తు కంటే ఇలాంటిది త్వరగా కదులుతుంది. ప్రిన్సిపాల్ గారికి కూడా పైవాళ్లకు చెప్పుకోవడానికి ఒక కారణం దొరుకుతుంది.

డబ్బు విషయానికొస్తే, రిజిస్ట్రేషన్ ఫీజు మీద చాలాచోట్ల 18 శాతం జీఎస్టీ అదనం. కరపత్రంలో అది చిన్న అక్షరాల్లో ఉంటుంది. ముందుగా కట్టేవాళ్లకు, పరిశోధక విద్యార్థులకు తగ్గింపు ఉంటుంది. కాలేజీ నుంచి డబ్బు వచ్చేదాకా ఆగితే ఆ గడువు దాటిపోతుంది కాబట్టి, తిరిగి ఇస్తారన్న హామీ రాతలో తీసుకుని మీరే ముందు కట్టడం మేలు. రైలు రిజర్వేషన్ 2024 నవంబరు నుంచి 60 రోజుల ముందే తెరుస్తున్నారు, అంతకు ముందు 120 రోజులు ఉండేది. తేదీ గుర్తుపెట్టుకుని మొదటి రోజే తీసుకోండి. వసతికి ముందు నిర్వాహకుల గెస్ట్ హౌస్ అడగండి. చవక అనే కాదు, రాత్రి భోజనం తర్వాత మాటలన్నీ అక్కడే నడుస్తాయి. ఒంటరిగా వెళ్లే ఆడవాళ్లు స్టేషన్ నుంచి బండి ఏర్పాటు ఉందా అని రాసి అడగండి. అడిగితే చేస్తారు.

టికెట్లు, రసీదులు, హాజరు సర్టిఫికెట్ అన్నీ ఒకే కవర్లో. టీఏ బిల్లు ఆగిపోయేది ఎప్పుడూ ఏదో ఒక చిన్న కాగితం దగ్గరే.

ఒక సంవత్సరం మా కాలేజీ నుంచి డబ్బు రాలేదు, సెలవు మాత్రమే ఇచ్చారు. ఆ ఏడాది ఆన్‌లైన్‌లో హాజరయ్యాను. ఆన్‌లైన్ అయినా ఆ రోజులకు ఆన్ డ్యూటీ అడిగి తీసుకోండి. కౌంటర్‌లో కూర్చుని, ఒక చెవితో ప్రసంగం వింటూ పుస్తకాలు ఇస్తుంటే రెండు పనులూ పోతాయి.

5. పేపర్ ఇవ్వగలరా? ఇవ్వండి

మొదటిసారి ఊరికే హాజరైనా తప్పులేదు. కానీ పేపర్ ఇచ్చినవాళ్ల దగ్గరకు జనం వాళ్లంతట వాళ్లే వచ్చి మాట్లాడతారు. కొత్తవాళ్లతో చొరవగా మాట్లాడలేని నాలాంటివాళ్లకు అది పెద్ద సాయం.

చాలా పేపర్లు ఇలా ఉంటాయి: సగం దాకా డిజిటల్ లైబ్రరీ నిర్వచనాలు, లైబ్రరీ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లో చెప్పిన ఐదు లైబ్రరీ సూత్రాలు, ఆ తర్వాత విద్యార్థులకు పంచిన ప్రశ్నావళి, చివర శాతాల పట్టిక. మీరు అలా రాయకండి. మీ లైబ్రరీలో మీరు చేసిన ఒక పని, దానికి పట్టిన రోజులు, ఎక్కడ చెడిపోయింది, ఎలా బాగుచేశారు, ఇవి రాయండి. చెడిపోయిన భాగం దాచకండి. చదివేవాళ్లకు పనికొచ్చేది ఎక్కువగా అదే.

తెలుగు లైబ్రేరియన్లకు రాయడానికి అంశాల కొరత లేదు. నిజానికి మనం రాయకపోతే ఇంకెవరూ రాయలేని అంశాలు కొన్ని ఉన్నాయి.

"గ్రంథాలయం" అని కొందరు, "గ్రంధాలయం" అని కొందరు రాస్తారు. కంప్యూటర్‌కు అవి రెండు వేర్వేరు మాటలు. పుస్తకం బీరువాలో ఉన్నా, కేటలాగులో ఒక అక్షరం తేడాతో కనిపించకుండా పోతుంది. "సాఫ్ట్‌వేర్" అన్న మాటలో ట్ తర్వాత కంటికి కనిపించని ఒక యూనికోడ్ గుర్తు ఉంటుంది. అది పెట్టి ఒకరు, పెట్టకుండా ఒకరు టైపు చేస్తే మళ్లీ అదే సమస్య. రచయిత పేర్లలో మనకు ఇంటిపేరు ముందుంటుంది. సాఫ్ట్‌వేర్ మాత్రం చివరి మాటే ఇంటిపేరు అనుకుంటుంది. ఒకే రచయిత మన కేటలాగుల్లో పూర్తి పేరుతో ఒకసారి, పొడి అక్షరాలతో ఒకసారి, ఇంగ్లీషు లిపిలో ఇంకోసారి ఉంటారు. పాత పుస్తకాల్లో అరసున్నలు, బండి ఱ ఉన్న పేజీలను స్కాన్ చేసి అక్షరాలుగా మార్చబోతే యంత్రం తడబడుతుంది. వీటిలో ఏ ఒక్కదాన్నయినా మీ లైబ్రరీలోని ఐదు వందల రికార్డుల మీద పరీక్షించి, ముందు ఎన్ని దొరికాయి, సరిచేశాక ఎన్ని దొరికాయి అని లెక్క చూపిస్తే చాలు. తమిళ, కన్నడ, ఒడియా లైబ్రేరియన్లు కూడా ఇదే బాధ పడుతున్నారు కాబట్టి అందరూ చెవి పెట్టి వింటారు.

పేపర్ సారాంశంలో, అంటే అబ్‌స్ట్రాక్ట్‌లో నాలుగు విషయాలు ఉండాలి: సమస్య, మీరు చేసింది, వచ్చిన ఫలితం, వేరేవాళ్లు వాడుకోగలిగింది. రెండు మూడు వందల మాటలు. ఫలితం ఇంకా రాకపోతే "రాబోయే ఫలితాలు" అని ఊహించి రాయకండి, పోస్టర్‌గా పంపండి. వేరొకరి వాక్యాలు ఎత్తిరాసే అలవాటు పూర్తిగా మానాలి. 2018 యూజీసీ నిబంధనల ప్రకారం 10 శాతం దాకా పోలిక ఉంటే చర్య ఉండదు. అది వెసులుబాటే గానీ లక్ష్యం కాదు.

6. బయలుదేరే ముందు వారం

కార్యక్రమ పట్టిక రాగానే ప్రింట్ తీసి, మీ ప్రశ్నకు దగ్గరగా ఉన్న పేపర్లకు గుర్తు పెట్టండి. ఒకే గంటలో రెండు హాళ్లలో రెండు మంచివి పడితే, మనిషిని కలవడం ముఖ్యమైనదాన్ని ఎంచుకోండి. రెండోదాన్ని పుస్తకంలో చదువుకోవచ్చు.

ఇన్‌ఫ్లిబ్‌నెట్ సంస్థాగత రిపాజిటరీలో (ఆన్‌లైన్ భాండాగారంలో) పాత క్యాలిబర్, ప్లానర్ సదస్సుల పేపర్లు ఉచితంగా దొరుకుతాయి. మీ అంశం మీద నాలుగైదు చదివి వెళ్లండి. అప్పటికే జవాబు దొరికిన ప్రశ్నను మళ్లీ అడగకుండా, దాని తర్వాతి ప్రశ్న అడగగలుగుతారు. గుర్తు పెట్టుకున్న వక్తల్లో ఇద్దరికి మెయిల్ రాయండి: "నేను ఫలానా కాలేజీ లైబ్రేరియన్‌ని, మీ పేపర్ విషయంలోనే మాకు ఒక ఇబ్బంది ఉంది, టీ సమయంలో పది నిమిషాలు ఇవ్వగలరా?" నేను ఇప్పటిదాకా రాసినవాళ్లలో కాదన్నవాళ్లు లేరు.

ప్రధాన సదస్సుకు ముందు రోజు ట్యుటోరియల్స్ పెడితే వాటికి తప్పక వెళ్లండి, ఒక రోజు సెలవు ఎక్కువైనా సరే. అందులో చేతితో చేసి నేర్చుకుంటాం. ల్యాప్‌టాప్‌లో అడిగిన సాఫ్ట్‌వేర్ ఇంటి దగ్గరే ఎక్కించుకోండి, అక్కడ వైఫై మీద నమ్మకం పెట్టుకోకండి.

7. ఆ మూడు రోజులు

ప్రారంభోత్సవం అయ్యేసరికి మధ్యాహ్నం అవుతుంది. ముందు వరుసల కోసం పోటీ పడకుండా పక్కన కూర్చున్నవారితో పరిచయం చేసుకోండి. మనవాళ్లు కనిపిస్తే మొదట ఎంతో ధైర్యంగా ఉంటుంది, ఆ తర్వాత మూడు రోజులూ ఆ గుంపులోనే ఉండిపోతాం. రోజూ ఒక పూట భోజనమైనా వేరే రాష్ట్రంవాళ్ల బల్ల దగ్గర చేయండి. ఇలా ఒకసారి కేరళ లైబ్రేరియన్లతో కూర్చున్నప్పుడు మలయాళం కేటలాగును వాళ్లు ఎలా సర్దుకున్నారో తెలిసింది. ఏ సెషన్‌లోనూ నాకు అంత దొరకలేదు.

చేయెత్తి ప్రశ్న అడగడానికి భయం ఉంటుంది. ఇంగ్లీషు సరిగా రాదేమో, చిన్న కాలేజీ అని చూస్తారేమో అన్న భయం. నేను ప్రశ్నను కాగితం మీద రాసుకుని చూసి చదివేదాన్ని. "మా దగ్గర ఇది ఉంది, ఇలా చేశాం, ఇక్కడ ఆగిపోయాం, మీరు దీన్ని ఎలా దాటారు?" నాలుగు చిన్న వాక్యాలు. వ్యాకరణం ఎవరూ చూడరు. నిజమైన సమస్య తెచ్చినవారిని అక్కడ గౌరవంగానే చూస్తారు.

కంపెనీల స్టాళ్ల దగ్గర కాసేపు నిలబడండి, సిగ్గుపడక్కర్లేదు. డెమో చూపించేవాళ్లు తమకు బాగా వచ్చిందే చూపిస్తారు కాబట్టి మీరు అడగాల్సినవి ముందే రాసుకోండి. నా కాగితంలో ఉండేవి ఇవి:

- మీతో ఒప్పందం ముగిస్తే మా డేటా మొత్తం, పుస్తక రికార్డులకు ప్రామాణికమైన మార్క్ 21 రూపంలో తిరిగి ఇస్తారా? దానికి విడిగా డబ్బు తీసుకుంటారా?
- రెండో ఏడాది నుంచి నిర్వహణ ఖర్చు ఎంత? అందులో ఏమేమి వస్తాయి?
- తెలుగులో టైపు చేసి ఇప్పుడే నా ముందు వెతికి చూపించగలరా?
- పుస్తకాలకు అంటించే ఆర్ఎఫ్ఐడీ ట్యాగులు (రీడర్ దగ్గర పెడితే చదివే చిప్పులు) 13.56 మెగాహెర్ట్జ్‌వేనా? ట్యాగులో సమాచారం ఐఎస్ఓ 28560 ప్రమాణంలోనే ఉంటుందా? రేపు వేరే కంపెనీ రీడర్ తెస్తే ఈ ట్యాగులు పనిచేస్తాయా?
- మా జిల్లాకు దగ్గరలో మీ సాఫ్ట్‌వేర్ వాడుతున్న లైబ్రరీ ఏది? అక్కడికి వెళ్లి చూడవచ్చా?

చివరి ప్రశ్నకు వచ్చే జవాబును బట్టి చాలా తెలుస్తుంది. అక్కడికక్కడే ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి, ధర పట్టిక మాత్రం అడిగి తెచ్చుకోండి.

మీ పేపర్ రోజున ఒక్కటి గుర్తుంచుకోండి. కార్యక్రమం ఆలస్యమై, పదిహేను నిమిషాలన్నది ఏడు నిమిషాలవుతుంది. ఏడు నిమిషాల్లో చెప్పగలిగేట్టు ఇంటి దగ్గరే గడియారం పెట్టుకుని రెండుసార్లు చదవండి. స్లైడ్లను పీడీఎఫ్‌గా కూడా ఉంచుకోండి, వేరే కంప్యూటర్లో తెలుగు అక్షరాలు విడిపోతాయి. నిర్వచనాలు వదిలేసి నేరుగా సమస్యలోకి వెళ్లండి.

రాత్రి గదికి చేరాక, నిద్రపోయే ముందు, ఆ రోజు విన్నవాటిలో మీ ప్రశ్నకు సంబంధించినవి ఐదు వాక్యాలు రాయండి. ఎవరు చెప్పారు, ఏ ఊరు, ఏ సాఫ్ట్‌వేర్ ఏ వెర్షన్ అన్నది కూడా రాయండి. నెల తర్వాత ఆ వెర్షన్ నంబరే కావాల్సివస్తుంది.

8. తిరిగొచ్చాక

వచ్చిన మొదటి రోజు బల్ల నిండా పని పేరుకుని ఉంటుంది. అయినా రెండు రోజుల్లోపు మూడు పనులు చేయండి. కలిసినవాళ్లకు కృతజ్ఞతతో మెయిల్, మీ నమూనా రికార్డులు జతచేసి. ప్రిన్సిపాల్ గారికి మాట ఇచ్చిన ఒక పేజీ నివేదిక. టీఏ బిల్లు. వారం దాటితే ఈ మూడూ నెలలోకి జారిపోతాయి.

తర్వాత, నేర్చుకున్నదాన్ని ప్రయత్నించండి, కానీ అసలు డేటా మీద కాదు. నాకు తెలిసిన ఒక లైబ్రరీలో సదస్సు నుంచి వచ్చిన ఉత్సాహంలో మర్నాడే మొత్తం కేటలాగు మార్చబోయారు. బ్యాకప్ లేదు. పుస్తకాలను వచ్చిన వరుసలో రాసుకునే యాక్సెషన్ రిజిస్టరు దగ్గర పెట్టుకుని మళ్లీ మొదటి నుంచి ఎక్కించడానికి ఒక వేసవి అంతా పట్టింది. ముందు బ్యాకప్ తీసి, అది వేరే కంప్యూటర్లో తెరుచుకుంటుందో లేదో చూడండి. పాత కంప్యూటర్ ఒకటి పక్కన పెట్టుకుని, అందులో వంద రికార్డులతో మొదలుపెట్టండి. వందా బాగుంటే వెయ్యి. నేను మా అను ఫాంట్ల శీర్షికలను ఇలాగే మార్చాను. మార్చిన ప్రతి విడతలోంచి యాభై పుస్తకాలు బీరువా దగ్గరకు వెళ్లి, అట్ట మీద పేరుతో పోల్చి చూశాను. వత్తులు, సున్నలు మారిపోయినవి అలాగే బయటపడ్డాయి.

మీ జిల్లాలో మీలాగే ఒక్కరే పనిచేసే లైబ్రేరియన్లు ఓ పదిమంది ఉంటారు. వాళ్లలో చాలామందికి ఈ ఏడాది సదస్సుకు వెళ్లే వీలు కుదిరి ఉండదు. ఒక శనివారం మధ్యాహ్నం మీ లైబ్రరీకి రమ్మని పిలవండి. ప్రొసీడింగ్స్ పుస్తకం బల్ల మీద పెట్టండి, మీరు మార్చిన వంద రికార్డులు తెర మీద చూపించండి, ఎక్కడ తప్పు వచ్చిందో కూడా చూపించండి. మా దగ్గర మొదటిసారి ఆరుగురు వచ్చారు. అందులో ఒకరు తన పెన్‌డ్రైవ్ తెచ్చుకున్నారు, ఆయన కాలేజీ తెలుగు పుస్తకాల జాబితా కూడా అను ఫాంట్లలోనే ఉంది. సాయంత్రం లైబ్రరీ మూసే వేళకు అందులోంచి మొదటి ఇరవై పేర్లు చక్కటి తెలుగు అక్షరాల్లో తెర మీదకు వచ్చాయి.